కత్తెర చప్పుడు

పొతెన్సియానా నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. ఫిలిప్పీన్స్‌లోని మలబోన్‌లో ఆమె వీధివాళ్ళకి మాత్రం కుట్టుపని కంటే ముందు గుర్తొచ్చేది ఆమె తీర్పే. టీవీ సీరియల్లో ఏ చిక్కొచ్చినా తేల్చేది తనే. ఓసారి కథలో కవలలు తారుమారయ్యారని వీధి మొత్తానికి ముందుగా చెప్పింది. చొక్కా జేబు కుట్టు వేరని పట్టేసింది మరి! ఆ ముక్క కథలోవాళ్ళకి తెలియడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది.

అప్పట్నుంచి పొద్దున్నే బెలెన్ కొట్టు ముందు బల్ల మీద సభ. కాఫీలో వేడి రొట్టెలు ముంచుకుంటూ బెలెన్, పక్కింటి ఈసింగ్ ఎంత కొట్లాడుకున్నా, చివరికి ఇద్దరూ ఆమె వైపు తిరిగేవాళ్ళు. "ఆతే, నువ్వు చెప్పు." ఆతే అంటే వాళ్ళ భాషలో అక్క. ఆ ఒక్క పిలుపు కోసమే ఆమె తెల్లారకముందే లేచి తల దువ్వుకునేది.

అందుకే ఏడాదిగా చూపు మసకబారుతున్నా ఎవరికీ చెప్పలేదు. కుట్టడం ఎందుకు మానేశావంటే వేళ్ళనొప్పులంది. టీవీలో మనుషులు మురికినీళ్ళల్లో నీడల్లా కదిలేవాళ్ళు. మాటలు, అడుగులు, తలుపు కిర్రుమనడం, వీటితోనే కథ అల్లుకునేది. కళ్ళు లేనిదాన్ని తీర్పెవరడుగుతారు?

ఆ వారం సీరియల్లో చిక్కు లియాండ్రో చావు. పెట్టెలో శవం మొహం చూపించలేదు. జపమాల పట్టుకున్న చేతులే చూపించారు.

"చచ్చాడే! పెళ్ళాం ఎంతలా ఏడ్చిందీ!" అంది ఈసింగ్.

"దానిదేముంది, పెళ్ళిలో కూడా అంతే ఏడ్చింది. మొహం చూపించారా?" అంది బెలెన్.

"చూపిస్తే నువ్వు కొట్టు తెరవకుండా శోకాలు పెడతావని మానేశారు. ఆతే, నువ్వు చెప్పు."

పొతెన్సియానా తీరిగ్గా రొట్టె ముంచింది. "బతికే ఉన్నాడు. శవం చేతిలో జపమాల కత్తిరించకపోతే ఆ చావు ఇంట్లో ఇంకొకరిని పట్టుకుపోతుందని పసిపిల్లలకీ తెలుసు. వాడి పెళ్ళాం కత్తిరించిందా? నలభై ఏళ్ళు కత్తెర పట్టినదాన్ని, చప్పుడు నాకు తెలీదా? కత్తెర చప్పుడే రాలేదు."

ఈసింగ్ రొట్టె ముంచడం ఆపేసింది.

"కత్తిరించింది కదా ఆతే," అంది మెల్లగా. "టీవీ నిండా అదే చూపించారు. పైన పాట హోరెత్తిపోయింది, అంతే..."

బెలెన్ బల్ల కింద ఈసింగ్‌ని తన్నింది. ఆలస్యమైపోయింది. కప్పు కోసం చాచిన పొతెన్సియానా చెయ్యి, కప్పుకి జానెడు దూరంలో ఉత్త బల్లని తడుముతోంది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది బెలెన్.

"ఏడాదిగా."

"మాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే నన్నింక అడుగుతారా?" సగం రొట్టె వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె టీవీ పెట్టలేదు. తలుపు చప్పుడైంది. అరటిపండు వేపుళ్ళ వాసన ముందొచ్చింది, వెనక వాళ్ళిద్దరూ.

"మా టీవీ పాడైందే," అంది బెలెన్.

"మరి నీది, ఈసింగ్?"

"దానిది చూసి నాదీ పాడైంది."

సీరియల్ మొదలైంది. నిన్నటి కథ మళ్ళీ చూపిస్తున్నారు.

"ఆతే, వాడి పెళ్ళాం నల్లగౌను వేసుకుంది."

"నలుపెక్కడే, ముదురు నీలం!" అంది బెలెన్.

"నీకా తేడా తెలిస్తే మీ ఆయన లాగులు అలా ఉతకవులే."

"రంగుల గొడవ ఆపండే!" అంది పొతెన్సియానా. గొంతులో పాత పంతం వచ్చేసింది. "శవం చేతులు చూపించారా? చొక్కా చెయ్యి ఎక్కడిదాకా ఉంది?"

ఇద్దరూ టీవీకి ముక్కులానించారు. అన్నేళ్ళుగా సీరియళ్ళు చూస్తున్నారు గానీ, ఒక చొక్కాని ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

"బొటనవేలి మొదలుదాకా వచ్చేసింది ఆతే. చెయ్యి సగం మునిగిపోయింది."

"లియాండ్రో చొక్కాలు మణికట్టు దాటవు. సీరియల్ మొదటివారాల్లో, చూపు బాగున్నప్పుడు నా కళ్ళతో చూశా, అన్నీ కొలిచి కుట్టినవే. చొక్కా వాడిదే. లోపలున్న చేతులు పొట్టివి, వాడివి కావు."

బెలెన్ కెవ్వుమంది. ఈసింగ్ చేతిలో పళ్ళెం వంగిపోయి అరటి ముక్క ఒకటి నేల మీద పడింది. బెలెన్ ఇంకో ముక్క తీసి, ఊది, పొతెన్సియానా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. మళ్ళీ కొట్లాట మొదలైంది: ఆ చేతులు డ్రైవరువని ఒకరు, మరిదివని ఒకరు.

చివరికి ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. స్టూళ్ళు కిర్రుమన్న చప్పుడుని బట్టి ఆమెకి తెలిసింది.

"మరి పెట్టెలో ఉన్నదెవరు ఆతే? నువ్వు చెప్పు."