డ్రిల్ సారు నేర్పిన ఈత

మా ఊళ్ళో ఆడపిల్లలు సాయంత్రం పూట మైదానంలో పరుగెత్తడమన్నది నా చిన్నప్పుడే మొదలైంది. మొదలుపెట్టింది మా హైస్కూలు డ్రిల్ సారు. అంతకుముందు బాన్సువాడలో ఆటలంటే మగపిల్లల కబడ్డీ, వాలీబాల్, అంతే. మేం బడి విడవగానే ఇంటికొచ్చి చాటలో బియ్యం ముందేసుకుని కూర్చోవాల్సిందే.

సారు ఇల్లిల్లూ తిరిగి, ఖోఖో నేర్పుతాను, పిల్లల్ని పంపండని అడిగాడు. మా నాయన ఒప్పుకోలేదు. "చీకటి పడుతది సార్, ఆడపిల్ల గద" అన్నాడు. అయితే నేనే తెచ్చి దిగబెడతానన్నాడు సారు. అన్నట్టే చేశాడు. ఆట అయ్యాక మా అందరినీ వెంటబెట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ, ఒక్కొక్కరినీ గడపదాకా దిగబెట్టేవాడు. సైకిల్ కడ్డీ మీద ఆయన చిన్నకొడుకు కూర్చునేవాడు. వెనక మా పుస్తకాల సంచులు. పక్కన ఆయన కూతురూ నేనూ.

సారు కూతురు, నేను ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ. ఆటలో ఆమెను తాకడం ఎవరివల్లా అయ్యేది కాదు. చేతికి అందినట్టే అంది వంగి తప్పించుకునేది. మైదానంలో సారు ఆమెను కూతురిలా చూసేవాడు కాదు. మా తప్పుకు మూడు రౌండ్లయితే ఆమె తప్పుకు ఐదు. ఇంటికి వెళ్ళాక మాత్రం ఆయన వేరే మనిషి. భార్య పొయ్యి దగ్గర ఉంటే ఆయన అరుగు మీద కూర్చుని కూతురి తల దువ్వి జడ వేసేవాడు. నేను చాలాసార్లు చూశాను. మెడలో విజిల్ ఇంకా అలాగే వేలాడుతుండేది. మా నాయన ఏనాడూ నా తల మీద చెయ్యి పెట్టి ఎరగడు. నాకు అసూయగా ఉండేది.

ఎండలు ముదురుతున్న రోజులు. సారు మగపిల్లల జట్టును తీసుకుని పోటీలకు బిచ్కుంద వెళ్ళాడు. మమ్మల్ని పది రౌండ్లు కొట్టి, వెలుతురుండగానే ఇళ్ళకు పొమ్మన్నాడు. నాలుగు రౌండ్లకే నాకు విసుగొచ్చింది. కాలువకు పోదాం, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుందాం అని పక్కన పరుగెడుతున్న సారు కూతురితో అన్నాను.

"మా నాయన రౌండ్లు కొట్టుమన్నడు" అంది సారు కూతురు.

"సార్ బిచ్కుందల ఉన్నడు. ఎవరు జూస్తరు?" అన్నాను. ఆమె దారిలో ఒకసారి, కాలువ గట్టు మీద ఒకసారి ఆగి, వద్దు, వాపసు పోదామంది. నేనే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

కాలువలో నీళ్ళు నిండుగా పోతున్నాయి. బట్టలుతికే మెట్ల మీద కూర్చున్నాం. మోకాళ్ళదాకా చల్లగా తగులుతుంటే ఆమె నవ్వి ఇంకో మెట్టు దిగింది. ఆ మెట్టు పాచి పట్టి ఉంది. ఆమె వేళ్ళు నా వేళ్ళలో ఒక్క క్షణం ఉన్నాయి, తర్వాత లేవు. నేను అరిచిన అరుపుకు బర్రెలు కడుగుతున్న ఒకాయన దూకాడు. చాలా దూరం పోయాక తూము దగ్గర దొరికిందట. నేను చూడలేదు. నన్నెవరో ఇంటికి ఎత్తుకుపోయారు.

కాలువకు పోదామన్నది ఎవరని నన్నెవరూ అడగలేదు. ఆమె దుడుకు పిల్ల, నేను నెమ్మదస్తురాలిని. ఆమే నన్ను తీసుకుపోయిందని అందరూ వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. మూడో రోజు అమ్మతో కలిసి సారు ఇంటికి వెళితే అక్కడున్న ఆడవాళ్ళు నా తల నిమిరి, "పాపం, గా పిల్ల ఎంబడి పోయి ఈ బిడ్డ గూడ పోతుండె" అన్నారు. సారు భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నావైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు. చనిపోయిన పిల్ల మీదికి నా తప్పు వెళుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత నేను మైదానం వైపు వెళ్ళలేదు. అన్నం సయించేది కాదు. స్నానానికి బిందెలో నీళ్ళు చూసినా ఒళ్ళు వణికేది. అమ్మ జడుపు అనుకుని తాయెత్తు కట్టించింది.

నెల తిరగకముందే ఒక సాయంత్రం సారు, ఆయన భార్య మా ఇంటికొచ్చారు. మనిషి సగమైపోయాడు. మంచం మీద కూర్చుని మా నాయనతో, రేపటి నుంచి పొద్దున్నే నన్ను ఈతకు తీసుకుపోతానని చెప్పాడు.

మా నాయన బిత్తరపోయాడు. "ఏంది సార్, మళ్ళ కాల్వకా?"

"ఊరి పక్కపొంటి కాల్వ పెట్టుకొని ఆడపిల్లలకు ఈత నేర్పకపోతిమి. ఉరుకుడు నేర్పిన, దుంకుడు నేర్పిన, గదొక్కటి నేర్పలే. తప్పు నాదన్న, పిల్లలది గాదు."

అమ్మ తలుపు చాటు నుంచి వద్దంటే వద్దంది. అప్పుడు సారు భార్య మొదటిసారి మాట్లాడింది. "నేను గూడ వస్త వదినె. గట్టు మీద కూసుంట."

పెద్ద కాలువకు కాదు, పొలాలకు పారే పిల్లకాలువకు తీసుకుపోయాడు. నీళ్ళు ఆయనకు నడుముదాకా వస్తాయి. నా వీపుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టాడు. ఆయన ముందు దిగి రెండు చేతులూ చాచాడు. నేను దిగలేదు. ఆ రోజూ దిగలేదు, మర్నాడూ దిగలేదు. ఆయన తొందరపెట్టలేదు. నీళ్ళలో అలాగే నిలబడేవాడు. మూడో రోజు చూస్తే, చాచిన ఆ చేతులు వణుకుతున్నాయి.

"సార్, మీకు భయమైతుందా?" అని అడిగాను.

"అయితుంది బిడ్డా. అయినా దిగిన గద."

నేను దిగాను. నా పొట్ట కింద ఆయన అరచెయ్యి ఉంది. నీళ్ళ మీద ఆనుకోగానే ఇక దాచుకోలేకపోయాను. "సార్, ఆ దినం నేనే..." అన్నాను. "కాళ్ళు ఆడించు" అన్నాడాయన. మళ్ళీ మొదలుపెట్టాను. "కాళ్ళు ఆడించు బిడ్డా, మాట్లాడితే నీళ్ళు మింగుతవ్" అన్నాడు. ఆయన వినలేదనుకున్నాను. ఎంత బాధపడ్డానో, అంతకంటే ఎక్కువ ఊరట పడ్డాను. ఆ ఊరటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ తర్వాత ఏటా వేసవిలో ఆయన ఆడపిల్లలకు ఈత నేర్పాడు. ఆయన భార్య గట్టు మీద కూర్చునేది. ఖోఖో జట్టు కూడా మళ్ళీ లేచింది. నాకు వర్ని దగ్గర సంబంధం కుదిరి వెళ్ళిపోయాను. ఎనభైల దశకంలో సారుకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడని తెలిసి రెండుసార్లు చూడబోయాను. రెండుసార్లూ చెబుదామనే వెళ్ళాను. చిన్నకొడుకు తండ్రిని ఎత్తి కూర్చోబెట్టి గంజి తాగిస్తుంటే చూసి చెప్పలేక వచ్చేశాను. మూడోసారి వెళ్ళేసరికి ఆయన లేడు.

దినాలయ్యాక సారు భార్య ఒక్కతే ఉన్నప్పుడు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. "అమ్మా, గా దినం కాల్వకు రమ్మన్నది నేను. ఆమె వద్దన్నది."

 "సారుకు ఎరుకనే" అంది ఆమె.

బర్రెలు కడిగే మనిషి మేం గట్టు మీద మాట్లాడుకున్నదంతా విన్నాడట. రెండో రోజే వచ్చి సారుకు చెప్పాడట. ఈ మాట ఇంకెక్కడా అనొద్దని సారు ఆయన చేతులు పట్టుకున్నాడట.

"నాకు గూడ అప్పుడే చెప్పిండు. ఉన్న పిల్లనన్న బతకనియ్యాలె అన్నడు. నాకు నీ మొకం జూడబుద్ధి గాలే బిడ్డా. గట్టు మీద కూసోని నిన్నే జూసేదాన్ని. మునిగిపోతే బాగుండనుకున్న ఒక దినం. మల్ల బుర్రలు ఇప్పినంక నువ్వు నిజంగనే నీళ్ళల్ల మునిగి లేవకపోతే, సారు అందుకోకముందే నేనే దుంకిన. నీకు యాదికున్నదో లేదో."

నాకు గుర్తులేదు. నీళ్ళు మింగి దగ్గుతుంటే ఎవరో వీపు తట్టడం గుర్తుంది. అది సారు చెయ్యే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె ఒడిలో తల పెట్టి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా జుట్టులో వేళ్ళు పెట్టి అలాగే కూర్చుంది.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. ఈ మధ్యనే వాళ్ళకు ఈ సంగతంతా, ఎవరు ఎవరిని లాక్కుపోయారో కూడా దాచకుండా చెప్పాను. తప్పు చేసిన పిల్ల ఎవరైనా నా ఎదుట తల దించుకుని నిలబడితే, ఏం చేసిందని అడగడానికి ముందు ఆ పిల్ల వయసెంతో చూస్తాను. కాలువలో పోయిననాటికి సారు కూతురికి పదమూడేళ్ళు. నాకూ పదమూడేళ్ళే. ఈ రెండో మాట అనుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. సారు మాత్రం రెండో రోజే అనుకున్నాడు.