ఊరు వదిలిన రోజు రాసిన మహజరు

కేసు కాగితాలు చేతికొచ్చిన రోజు మా లాయరు బాగేపల్లి కోర్టు వరండాలో మహజరు చదువుతూ తేదీ దగ్గరికి రాగానే నేను గట్టిగా కేక వేశాను. బెంచీల మీదున్న వాళ్ళంతా తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

కేసు మా అన్న మీద. గూళూరు వైపు ఎవరిదో బోరు కేబులు పోతే, అది మా కొట్టంలో దొరికిందని ఎస్సై రాసేసి, మర్నాడు అన్నను స్టేషనుకు పిలిపించాడు. శిక్ష పడితే జైలు. పడకపోయినా దొంగ అన్న మాట ఊళ్ళో మిగిలిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. చింతామణి బళ్ళో పాఠం చెబుతూ కూడా లోపల ఆ ఎస్సైనే తిట్టుకునేదాన్ని.

మహజరు, అంటే పంచనామా, పోలీసులు సొత్తు దొరికిన చోటికే వచ్చి, ఊరివాళ్ళ ఎదుటే రాయాలి. మా పక్కింటి పెద్దాయన సాక్షిగా, మిట్టమధ్యాహ్నం మా కొట్టంలో కేబులు పట్టుకున్నామని అందులో ఉంది.

"ఆ పొద్దు ఊర్లో కోడి కూడా లేదు సార్," అన్నాను.

లాయరుకు అర్థం కాలేదు. మా ఊళ్ళో కొన్నేళ్ళకొకసారి అమ్మవారి కోసం ఊరు వదులుతాం. తెల్లవారకముందే పిల్లాజెల్లా, గొడ్డూగోదా అంతా పొలాలకు వెళ్ళిపోయి, దారికి కంప అడ్డం వేస్తాం. వంటా తిండీ అక్కడే. పొద్దుగూకాకే మళ్ళీ ఊళ్ళోకి అడుగు పెడతాం. మహజరులో ఉన్న తేదీ సరిగ్గా ఆ రోజుదే. ఎస్సైది వేరే జిల్లా. స్టేషన్లో ఫ్యాను కింద కూర్చుని రాసుకున్నవాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

అయితే ఆ పెద్దాయనకు పోలీసులంటే వణుకు. సాక్షి బోనులో సర్కారు లాయరు ఏది అడిగినా అవునవునన్నాడు. అప్పుడు మా లాయరు లేచి నెమ్మదిగా అడిగాడు.

"అంటే, ఊరు వదిలిన దినం నువ్వు ఊర్లోనే ఉంటివా అప్పా?"

పెద్దాయన ముఖం మాడిపోయింది. పోలీసులకు భయపడి ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు గానీ, ఆచారం తప్పానని ఎట్లా ఒప్పుకుంటాడు?

"యాడుంటాను సామీ? అందరి మాదిరే తోట్లో ఉంటిని. మర్నాడు స్టేషన్లో సంతకం పెట్టిచ్చుకున్నారు."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

కేసు కొట్టేశారు. అంతటితో వదలకుండా, అబద్ధపు నివేదిక రాసిన ఎస్సై మీద విచారణ జరపాలని జడ్జి చెప్పారు. ఆ రాత్రి నాకు సంబరంతో నిద్రే పట్టలేదు.

విచారణకు అన్నతో పాటు నేనూ చిక్కబళ్ళాపురం వెళ్ళాను. అక్కడి పెద్ద పోలీసు అధికారి మేం చెప్పిందంతా విన్నాడు. పెద్దాయన చెప్పింది కూడా విన్నాడు. ఎస్సైది తప్పేనని, పిలిచి గట్టిగా మందలిస్తానని అన్నాడు. గెలిచాం అనుకుని నేను సంచీ భుజాన వేసుకున్నాను. అన్న మాత్రం కదల్లేదు.

"నన్ను దొంగ అని నోటితో అన్లేదు సార్, రాసిండారు. ఆయప్ప అబద్ధం రాసినాడని మీరూ రాయండి."

అధికారి కూర్చోమని అన్నకు కుర్చీ చూపించాడు. ఆయన రాసి, సంతకం పెట్టి, చదివి వినిపించేదాకా మా అన్న కూర్చోలేదు.