బావ గుండెకు ఐసు వైద్యం

ఆ ఐసు ఫ్యాక్టరీలో ఆయన అందరికీ బావే. నిజానికి అలా పిలిచే హక్కు ఒక్క బామ్మర్దికే ఉంది. అతనూ అక్కడే పని చేస్తూ పొద్దస్తమానం బావా బావా అని కేకలు పెట్టడంతో ఆ పిలుపు జలుబులా అందరికీ అంటుకుంది. అక్కచెల్లెళ్ళే లేని ఓనరు కూడా పొద్దున్నే వచ్చి "బావేడీ?" అని అడుగుతాడు.

బావది క్రేను పని. ఉప్పునీళ్ళ తొట్టిలో గడ్డకట్టిన ఐసు డబ్బాలను వరసకు వరస గొలుసులతో పైకి లేపి, గాలిలో నడిపించి, అవతల మామూలు నీళ్ళ తొట్టిలో ముంచాలి. అక్కడ అంచులు కరిగి ఐసు దిమ్మలు జారి బయటికొస్తాయి. బావ చేతిలో వేలాడే స్విచ్చుల డబ్బా ఉంటుంది. కింద నిలబడి కొక్కేలు తగిలించేది, విప్పేది బామ్మర్ది. బావ వరస నడిపిస్తే నిద్రపోయే పసిబిడ్డను ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మార్చినట్టు ఉంటుంది. ఆ డబ్బాల మీద నిండు గ్లాసు పెడితే చుక్క తొణకదట. ఒకసారి ఓ పిల్లి వాటి మీదే కునుకు తీసి, అవతలి గట్టున కళ్ళు తెరిచి, ఇది ఏ ఊరో తెలియక బిక్కమొహం వేసిందట. పిల్లి సంగతి కాస్త సాగదీసిందే గానీ గ్లాసు సంగతి మాత్రం అక్షరాలా నిజం.

అలాంటి మనిషి గుండె మొరాయించడం మొదలుపెట్టింది. అది మెల్లగా రాజుకునే దడ కాదు. మామూలుగా నిలబడ్డవాడికి ఛాతీలో ఎవరో స్విచ్చు వేసినట్టు టక్కున మొదలయ్యేది. చొక్కా గుండీలు ఎగిరెగిరి పడేవి. గొంతులో చేప కొట్టుకున్నట్టు ఉండేది. కాళ్ళు తేలిపోయేవి.

ఆ ఫ్యాక్టరీలో అన్ని రోగాలకూ ఒకటే మందు. కళ్ళు తిరిగినా, కాలు బెణికినా, ఇద్దరు కొట్టుకున్నా, ఐసు ముక్కలు కలిపిన నీళ్ళ బకెట్ పట్టుకొచ్చి మొహం అందులో ముంచేస్తారు. బావకూ అదే చేశారు. చిత్రంగా, ముంచిన కాసేపటికే గుండె టక్కున దారికొచ్చేది. అప్పుడు అందరూ కలిసి ఊరేగింపులా ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళు. అక్కడ ఛాతీకి వైర్లు తగిలిస్తే కాగితం మీద గీతలు బుద్ధిమంతుల్లా వరసలో నడిచేవి.

"గ్యాసు," అన్నాడు ఒక డాక్టరు.

"టెన్షన్," అన్నాడు ఇంకొకాయన.

"ఈయనకు టెన్షనా డాక్టరు గారూ," అంది బావ భార్య. "ఈయన వల్ల మాకు రావాలి గానీ."

అందరూ నవ్వారు. బావా నవ్వాడు. కానీ ఆ తర్వాత దడ వచ్చినప్పుడల్లా చెప్పడానికి సిగ్గుపడేవాడు. కాగితం గుండెను మంచిదంటోంది, ఛాతీ కాదంటోంది. ఎవరి మాట నమ్మాలి?

అంతలో ఆ సంగతి జరిగింది. డబ్బాల వరస గాలిలో ఉంది. బామ్మర్ది కింద వంగి ఏదో గొణుక్కుంటున్నాడు. బావ ఛాతీలో స్విచ్చు పడింది. కళ్ళ ముందు నల్లటి తెర దిగింది. తెర తొలగేసరికి వరస మొత్తం దభాలున నీళ్ళ తొట్టిలో ఉంది, బామ్మర్ది తల నుంచి కాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. డబ్బాల అంచు అతని భుజం పక్కనుంచే పోయింది.

"స్నానం చేయించావు గదా బావా, వీపు కూడా రుద్దు," అని పగలబడి నవ్వాడు బామ్మర్ది.

"గొలుసు జారింది," అన్నాడు బావ.

గొలుసు జారలేదని ఆయనకొక్కడికే తెలుసు. తన గుండె ఆగిపోతుందేమోనన్న భయం అప్పటికే పాతబడింది. కొత్త భయం వేరు. బామ్మర్దికేమైనా అయితే వాడి అక్కకు ఏం మొహం చూపించాలి?

అలా వెళ్ళాడు గుండె డాక్టరమ్మ దగ్గరికి. తోడు బామ్మర్ది వచ్చాడు.

"వచ్చినప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగిందామె.

బావ నోరు తెరిచేలోపే బామ్మర్ది అందుకున్నాడు. "ఏం ఫరవాలేదు మేడమ్, మా దగ్గర భలే మందుంది. మొహం ఐసు బకెట్లో పెట్టేస్తాం. దెబ్బకు ఆగిపోద్ది. ఆగాకే ఆసుపత్రికి తీసుకొస్తాం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "దొంగను పట్టుకోమని నన్ను పిలుస్తారు. నేను వచ్చేలోపు మీరే వాణ్ణి గోడ దాటించి పంపిస్తారు. ఇక నేనెవర్ని పట్టుకోవాలి?"

బామ్మర్ది తల గోక్కున్నాడు. మొహానికి చన్నీళ్ళు తగిలితే కొందరికి ఈ దడ ఆగుతుందనీ, ఆగిపోయాక యంత్రానికి ఏమీ కనపడదనీ, అది ఏ రకమో తెలిస్తే తప్ప సరైన వైద్యం మొదలుకాదనీ ఆమె విడమరిచి చెప్పింది. ఈసారి వస్తే ఐసు జోలికి పోకుండా తిన్నగా ఇక్కడికే రమ్మంది. ఛాతీకి వైర్లు అంటించి, నడుముకు పట్టీలా చుట్టుకునే చిన్న యంత్రం పెట్టి కొన్నాళ్ళు చూసింది. అది ఉన్నన్నాళ్ళూ గుండె అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా మర్యాదగా కూర్చుంది.

యంత్రం తీసేసిన రోజు బామ్మర్ది బండి తీయడానికి బయటికెళ్ళాడు. డాక్టరమ్మ బావతో ఇంకో మాట అంది. "జబ్బేంటో తేలేదాకా క్రేను ముట్టుకోకండి. కింద మనుషులుంటారన్నారుగా."

"అలాగేనమ్మా," అన్నాడు బావ.

ఆ మాట మాత్రం ఇంటికి తేలేదు. క్రేను వదిలితే తనెవరు? ఐసు దిమ్మలకు గోనెపట్టాలు కప్పే మనిషి, వాటి మీద ఊక చల్లే మనిషి. ఇంత పేరూ ఒక్క రోజులో కరిగిపోతుంది. ఏం కాదులే అనుకున్నాడు. బామ్మర్దిని మాత్రం "ఒరేయ్, దూరంగా నిలబడరా" అని రోజూ తిట్టసాగాడు. ఎందుకో తెలియక బామ్మర్ది ఇంకాస్త దగ్గరికొచ్చి ఆటపట్టించేవాడు.

ఓ మధ్యాహ్నం మళ్ళీ స్విచ్చు పడింది. వరస సగం దారిలో ఉంది. బావ పళ్ళు బిగపట్టి, చెమటలు కళ్ళలోకి కారుతున్నా, డబ్బాలను తొట్టిలోకి దించాకే కూలబడ్డాడు. క్షణంలో బకెట్ వచ్చేసింది. నాలుగు వైపుల నుంచీ చేతులు ఆయన మెడ మీద పడ్డాయి.

"వద్దు," అన్నాడు బావ.

"సిగ్గెందుకు బావా, పెట్టు మొహం."

"వద్దురా. ఆగిపోద్ది."

ఆగడం కోసమే కదా అని వాళ్ళు అయోమయంగా చూశారు. బామ్మర్దికి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. బకెట్‌ను ఒక్క తన్ను తన్నాడు. ఐసు ముక్కలు గచ్చంతా దొర్లాయి.

అప్పటికి కదిలేందుకు సిద్ధంగా ఉన్నది సరుకు నింపిన ఐసు వ్యాను ఒక్కటే. బావను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. వెనక నుంచి చల్లగాలి మెడకు కొడుతుంటే పక్కనే ఎక్కిన బామ్మర్ది వెనక కిటికీ మూశాడు, చలి తగిలి దడ ఆగకుండా తన చొక్కా విప్పి బావ మొహానికి చుట్టాడు. ట్రాఫిక్‌లో వ్యాను నత్తతో పందెం కట్టి ఓడిపోతోంది. బావకు ప్రాణం గొంతులో ఉంది. అంతకంటే పెద్ద దిగులు, దారిలోనే దడ ఆగిపోతుందేమోనని. ఇన్నాళ్ళూ పోవే పీడా అని తిట్టినదాన్ని ఈరోజు ఇంకాసేపు ఉండవే అని బతిమాలుకున్నాడు. రోగం పోకూడదని వేడుకున్న రోగి లోకంలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

పోలేదు. ఆసుపత్రిలో వైర్లు తగిలించగానే కాగితం మీద గీతలు తరిమినట్టు పరిగెత్తాయి. "దొరికాడు," అంది డాక్టరమ్మ. ఆ వెంటనే నర్సుతో అంది, "ఇక ఆపేద్దాం, మొహానికి ఐసు సంచి పెట్టండి."

అప్పుడే పరిగెత్తుకొచ్చిన బావ భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇప్పుడు ఐసా? ఇందాక అదే వద్దన్నారంటగా."

ఐసు సంచి పెట్టారు. ఫ్యాక్టరీ అంతా నమ్ముకున్న ఆ మందు ఈసారి పనిచేయలేదు. గుండె ఆగకుండా దూకుతూనే ఉంది. బావ భార్య ఆయన పాదాలు పట్టుకుని రుద్దుతోంది. చేతికి ఒక సూది వేశారు. కరెంటు పోయినప్పుడు ఫ్యాక్టరీలో మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయే, ఆ నిశ్శబ్దం బావ ఒంట్లో పరుచుకుంది. ఇంతేనా అనుకున్నాడు. అంతలో ఒక దెబ్బ, మరొకటి, తర్వాత నింపాదిగా వరస.

గుండెలో కరెంటు నడిచే దారి పక్కన పుట్టుకతోనే ఒక దొంగదారి ఉందనీ, తొడ దగ్గర నరంలోంచి సన్నటి వైరు పంపి దాన్ని కాల్చేస్తారనీ, చాలామందికి దాంతో నయమవుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. అందాకా మాత్రలు. "క్రేను ముట్టుకోవద్దు. పోయినసారీ చెప్పానుగా."

బామ్మర్ది తలెత్తాడు. "పోయినసారి చెప్పారా?"

బావ గోడ వైపు చూశాడు.

"ఆరోజు గొలుసు?" అని అడిగాడు బామ్మర్ది, చాలా మెల్లగా.

"జారలేదురా."

అతను తన భుజం తడుముకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది బావకు. ఆయన భార్య ఒకసారి తమ్ముణ్ణి, ఒకసారి మొగుణ్ణి చూసి, పాదాల మీంచి చేతులు తీసేసింది.

మర్నాటి నుంచి స్విచ్చుల డబ్బా బామ్మర్ది చేతిలోకి వెళ్ళింది. వరస ఊగుతూ, గోడకు తగులుతూ, అడుగడుక్కీ ఉప్పునీళ్ళు చిమ్ముతూ నడిచింది. ఫ్యాక్టరీ అంతా బావా బావా అంటూనే ఉంది, అలా పిలవాల్సినవాడు తప్ప. ఏదైనా అడగాల్సి వస్తే "ఇదుగో" అనేవాడు. వైరు వేసే రోజు ఇంకా రాలేదు. బావ నాడి చూసుకుంటూ తన మెడ మీద రెండు వేళ్ళు ఆనించుకుని నిలబడేవాడు.

ఒకరోజు తనంతట తనే వెళ్ళి మునుపు బామ్మర్ది నిలబడ్డ చోట, డబ్బాల కింద, కొక్కెం పట్టుకుని నిలబడ్డాడు. పైన వరస ఆగింది. గొలుసులు కిర్రుమన్నాయి. చుక్కలు చుక్కలుగా ఉప్పునీళ్ళు ఆయన నెత్తి మీద పడ్డాయి.

బామ్మర్ది స్విచ్చు నొక్కలేదు. చాలాసేపు నొక్కలేదు.

"పక్కకు జరుగు బావా," అన్నాడు చివరికి. "నాకు చేతులు వణుకుతున్నాయి."