పదకొండింటికి పేరు పిలిచే కంప్యూటర్: నాచారం నుంచి చిలుకానగర్‌కు

నాచారం పారిశ్రామికవాడలో ఒకప్పుడు తూకం మిషన్లు చేసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. మూతపడి చాలా ఏళ్ళయింది. అందులో పనిచేసిన వాళ్ళకు ఒక సంఘం ఉంది, సంఘానికి ఊళ్ళో ఒక గది ఉంది. చనిపోయిన కార్మికుల ఫోటోలు ఆ గది గోడకు వరసగా ఉంటాయి. ప్రతి ఏడూ ఆయుధపూజ నాడు వాటికి దండలేస్తారు. మా ఆయన ఫోటో అక్కడ లేదు. కంప్యూటర్‌లో ఉన్న ఫ్యాక్టరీ రికార్డులు తుడిచేసిన మనిషికి దండేమిటని పెట్టనివ్వలేదు. ఆయన తుడవలేదని ఆ గుమ్మం ముందు నిలబడి నేను ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు. ఈ ప్రయాణం ఆ ఫోటో కోసం చేసింది.

నా పేరు కొమురమ్మ. అదే ఫ్యాక్టరీలో ఊడ్చేదాన్ని. చదువు రాదు. మా పక్కింటి సుగుణ టీచరు తను తిరిగిన ఊళ్ళ గురించి ఇక్కడ రాస్తుంటుంది, మీలో చాలామంది ఆమె రాసింది చదివేవాళ్ళే. ఈసారి నేను చెబుతున్నాను, ఆమె పుస్తకాల తెలుగులో రాస్తోంది. రాత ఆమెది, పంచాయితీ నాది.

పోయిన నెల ఫ్యాక్టరీ షెడ్డు ఖాళీ చేశారు. పాత సామాన్లు కొనే అంజయ్య నన్ను రోడ్డు మీద ఆపి, మా ఆయన చూసుకున్న కంప్యూటర్‌ను ఉప్పల్ దగ్గర చిలుకానగర్‌లో ఉండే ఒక సారు కొనుక్కుపోయాడని చెప్పాడు. "గాయన దగ్గర సచ్చిన కంప్యూటర్లు లేస్తయే అవ్వా. మస్తున్నయి, ఇల్లంత గవే," అన్నాడు. ఆ సారు పేరు సుబ్రహ్మణ్యం. ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన ఇంజనీరు, గుంటూరు వైపు మనిషి. టీచరు ఫోన్ చేస్తే గురువారం పొద్దున పది తర్వాత రమ్మన్నారు.

గురువారం ఎనిమిదిన్నరకు బయలుదేరాను. నాచారం చౌరస్తాలో బస్సెక్కి హబ్సిగూడలో దిగి, అక్కడ ఉప్పల్ బస్సు పట్టుకోవాలి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టు. ఆ వేళప్పుడు హబ్సిగూడలో బండ్లు కదలవు, కాబట్టి ముప్పావు గంట చేతిలో పెట్టుకోండి. ఉప్పల్ రింగ్‌రోడ్డులో రోడ్డు దాటడానికి కింద నుంచి పరుగెత్తకండి. పైన వంతెన ఉంది, లిఫ్టు ఉంది. నేను లిఫ్టులోనే వెళ్ళాను. ఆకాశం మబ్బేసి, పొద్దునే సాయంత్రంలా ఉంది. అవతల వైపు చిలుకానగర్ షేర్ ఆటో దొరికింది, ఇరవై రూపాయలు.

"ఏడ దింపాలె అవ్వా, దవాఖానా కాడనా?" అన్నాడు ఆటో అతను.

"కాదు, వాటర్ ట్యాంకు కాడ. కంప్యూటర్ సూడనీకి పోతున్న."

"గీ వయసుల కంప్యూటర్ నేర్సుకుంటవా?"

"నువ్వు పుట్టకముందే దాని మీద కూసున్న. ముందు సూసి నడుపు."

అతను నవ్వి అద్దంలో నన్ను మళ్ళీ చూశాడు. అబద్ధం ఆడుతున్నాననుకున్నాడు. అది అబద్ధం కాదు, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అంతే.

ట్యాంకు వెనక రెండో సందులో మూడో ఇల్లు. గేటు తీసింది సారు భార్య లలితమ్మ. మంచినీళ్ళిచ్చి, "మావారు లోపల గదిలో ఉన్నారమ్మా. నేను మాత్రం ఆ గదిలోకి రాను. మీ ఫ్యాక్టరీ పెట్టె వచ్చిన దగ్గర్నుంచీ మానేశాను," అంది. ఎందుకని అడిగితే, "మీరే చూస్తారుగా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ గది కిటికీలకు దళసరి తెరలున్నాయి. ఎండ తగిలితే పాత ప్లాస్టిక్ పెళుసెక్కుతుందట. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా పాత కంప్యూటర్లు. వెలగని మానిటర్ అద్దాలు ముప్పై, నలభై ఉంటాయి. నేను నడుస్తుంటే ప్రతి అద్దంలోనూ ఒక ముసలమ్మ నడిచింది. ఎక్కడో ఒక మిషన్ లోపల కటకటమని చప్పుడు, గోడలో ఏదో గీరుతున్నట్టు. వీటన్నిటినీ దేనితో నడిపిస్తారని బల్ల దగ్గర కూర్చున్న సారును అడిగాను. కొత్త సాఫ్ట్‌వేర్ వీటి మీద ఎక్కదని, యూనిక్స్ అనే పాత పద్ధతిని చూసి ప్రపంచంలో ఎందరో కలిసి రాసిన సాఫ్ట్‌వేర్ ఒకటుందని, అది ఏ కంపెనీ సొత్తూ కాదని, ఎవరైనా ఊరికే తెచ్చుకుని లోపల ఎలా ఉందో విప్పి చూసుకోవచ్చని చెప్పారు. ముప్పై ఏళ్ళ నాటి పెట్టె మీద కూడా అది పనిచేస్తుందట. మా ఫ్యాక్టరీ వాళ్ళు డబ్బులు పెట్టలేక ఆ రోజుల్లోనే సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొని, అందులో అదే వేయించారట. "అందుకే అమ్మా, నేను లోపలికి వెళ్ళగలిగాను," అన్నారు.

మా పెట్టె మూలబల్ల మీద ఉంది. చూడగానే గుర్తుపట్టాను. మా ఆయన వేలితో రుద్ది రుద్ది మూల అరిగిపోయిన పెట్టె. సారు స్విచ్ వేశారు. ముందు ఫ్యాను మూలిగింది. తర్వాత నల్లటి అద్దం మీద ఆకుపచ్చ అక్షరాలు ఒక్కో వరసగా కిందికి దిగాయి.

"ఒక సంగతి చెబుతాను, భయపడకండి," అన్నారు సారు. "దీని గడియారం బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. లేవగానే ఇవాళ ఏ రోజో దీనికి తెలియదు. డిస్కు మీద చివరిసారి ఎప్పుడు రాసిందో చూసుకుని, ఇంకా ఆ రోజే అనుకుంటుంది. నేను అసలు డిస్కు పాడుచెయ్యకుండా ఎప్పటికప్పుడు కొత్త నకలు తీసి నడుపుతాను. కాబట్టి ఎన్నిసార్లు లేపినా దీనికి అదే రోజు, అదే టైము. దసరా వెళ్ళిన మూడో రోజు, పది యాభై."

ఇరవై ఏళ్ళు దాటాయి. మా ఆయన పోయాడు. ఫ్యాక్టరీ పోయింది. ఈ పెట్టె మాత్రం ఇంకా ఆ వారంలోనే ఉంది.

ఇప్పుడు ఎవరికీ చెప్పని ఆ సంగతి చెబుతాను. ఆ ఏడు దసరాకు ముందు మా ఆయన బస్సు మెట్టు మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆయుధపూజ రోజు దవాఖానాలో కట్టు కట్టించుకుంటున్నాడు. మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. ఆగిపోయిన మిషన్‌కు పూజ చెయ్యకూడదు, ప్రతి మిషన్ నడుస్తూ ఉండగానే కొబ్బరికాయ కొట్టాలి. కంప్యూటర్‌కూ అంతే. అది లేపడం ఆయనకొక్కడికే వచ్చు. ఆయనకు ఒంట్లో బాగోనప్పుడు ఊడ్చే వంకతో నేను వెళ్ళి లేపి వచ్చేదాన్ని. నాకు అక్షరాలు రావని ఆయన నా బొట్టుబిళ్ళలు తీసి మీటల మీద అంటించి, ఏ మీట తర్వాత ఏ మీటో నేర్పించాడు. ఆ రోజు కూడా నేనే లేపాను, ఆయనే వచ్చి లేపి వెళ్ళాడనుకున్నారు అందరూ.

సారు ఎదురుగా కీబోర్డు పెట్టారు. ఒక మీట మీద బొట్టుబిళ్ళ జిగురు నల్లగా ఎండిపోయి ఇంకా అంటుకునే ఉంది. నేను అడగకుండానే కూర్చున్నాను. వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. నేను చూడను కూడా లేదు. అద్దం ఒక్క క్షణం నల్లగా ఉండి, తర్వాత తలుపు తీసింది. సారు కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశారు.

"పాస్‌వర్డ్ మీకెలా తెలుసు?"

"నాకు తెల్వదు సారూ. నా చేతి ఏళ్ళకు తెలుసు. ఏం రాసింది సదువు."

"యాదగిరి, నువ్వు చివరిసారి వచ్చింది ఆయుధపూజ రోజు పొద్దున, అంటోంది."

మా ఆయన పేరు నేను పలకను. ఆ పేరు ఆ చీకటి గదిలో ఇంకొకరి నోట వినగానే వెనక్కి తిరిగి చూశాను. సరిగ్గా అప్పుడే పెట్టె మూడుసార్లు కూసింది. అద్దం మీద ఒక కొత్త వరస దానంతటదే పడింది. ఇద్దరం ఏ మీటా ముట్టుకోలేదు. అవతల వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"పదకొండయింది దానికి," అన్నారు సారు మెల్లగా. "యాదగిరి, తూకం రీడింగ్ తీసుకో, అని పిలుస్తుంది. రోజూ ఆ టైముకు పిలవమని ఎవరో చెప్పిపెట్టారు. లేపిన ప్రతిసారీ పది నిమిషాలకు పిలుస్తుంది. జవాబు రాకపోతే ఇంకోసారి పిలుస్తుంది."

నిజంగానే ఇంకోసారి పిలిచింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"సారూ, నేను అడగనీకి వచ్చింది ఒక్కటే," అన్నాను. "రికార్డులు తుడిసిందెవరు?"

ఆయన చాలాసేపు మీటలు కొట్టారు. పెట్టె లోపల కటకట ఎక్కువైంది. తర్వాత నా వైపు కుర్చీ తిప్పి కూర్చున్నారు. "ఎవరూ తుడవలేదమ్మా. ఇలాంటి సిస్టమ్‌కు ఒక గది ఉంటుంది. ఏదైనా దెబ్బ తగిలి ఫైళ్ళకు పేర్లు పోతే, వాటిని పారెయ్యదు, పేరు బదులు నంబరు తగిలించి ఆ గదిలో పడేస్తుంది. మీ రికార్డులన్నీ అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎవరూ ఆ గది తలుపు తియ్యలేదు." ఒకదాన్ని తెరిచి చదివారు. తూకం, తూకం, తూకం, ప్రతి వరస చివరా మా ఆయన పేరులో మొదటి అక్షరం. పేర్లు పోగొట్టుకుని చీకట్లో వరసగా కూర్చున్న మనుషుల్లా అనిపించాయి నాకు.

నేను లేచి నిలబడ్డాను. అప్పుడే సంఘం గదికి వెళ్ళి రాజలింగం మెడ మీద కూర్చుందామనుకున్నాను. రాజలింగం అప్పట్లో సూపర్‌వైజరు, ఇప్పుడు సంఘం కార్యదర్శి. తుడిచాడని మొదట అన్నదీ, ఫోటో వద్దన్నదీ అతనే.

"ఆ దెబ్బ ఏం దెబ్బ సారూ?" అన్నాను, ఊరికే.

"కరెంటు దెబ్బ. దీన్ని ఆపాలంటే ముందు పడుకోమని చెప్పాలి. చేతిలో పనులన్నీ రాసుకుని పడుకుంటుంది, అప్పుడు స్విచ్ తియ్యాలి. ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నడుస్తుండగానే ఎవరో ప్లగ్ పీకేశారు. దసరా వెళ్ళాక మళ్ళీ లేచినప్పుడు ఇది చాలా ప్రశ్నలు అడిగి ఉంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళు అర్థం కాక అన్నిటికీ అవునని కొట్టేసి ఉంటారు."

మళ్ళీ కూర్చున్నాను. ఆ గదిలో ఒకటే ప్లగ్ ఉండేది. పూజ అయ్యాక సీరియల్ బల్బులు పెట్టాలంటే, టీవీకి తీసినట్టు కంప్యూటర్ ప్లగ్ తీసి బల్బులకు పెట్టాను. నేనే. నా ఈ చేత్తో.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. గొడవ మొదలైన రోజు సాయంత్రం మా ఆయన అన్నం ముందు కూర్చుని ఒకే మాట అడిగాడు. "పూజనాడు ప్లగ్గు నువ్వు తీసినవా?" తీసిన, లైట్లకోసం అన్నాను. ఆయన ఎడమచేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఉద్యోగం పోయినప్పుడూ ఎత్తలేదు. నేను వీధిలో రాజలింగాన్ని తిట్టి ఇంటికి వచ్చినప్పుడల్లా, ఊకో, ఊకో, అనేవాడు. అదేదో మెతకతనం అనుకునేదాన్ని.

సారు పాత ప్రింటర్‌లో కాగితాలు తీసిచ్చారు. అది గొంతు నులిమినట్టు కీచుమంది. ఏ రోజు ఎవరు వచ్చారు, ఎప్పుడు కరెంటు పోయింది, ఫైళ్ళు ఎక్కడున్నాయి, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన రూపాయి తీసుకోలేదు. నేను గుమ్మం దాటుతుంటే, "ఆ పదకొండు గంటల పిలుపు తీసెయ్యమంటారా అమ్మా?" అని అడిగారు.

"తీసెయ్యి సారూ. డ్యూటీ అయిపోయిందని చెప్పు దానికి," అన్నాను.

వచ్చిన దారినే ఒకటిన్నరకు నాచారం చేరాను. ఇంటికి వెళ్ళకుండా నేరుగా సంఘం గదికి వెళ్ళాను. రాజలింగం ఒక్కడే ఉన్నాడు.

"మల్ల వచ్చినవా వదినే," అన్నాడు పేపరు దించకుండా.

"అరవనీకి రాలే. కాయితం సదువు రాజన్నా."

చదివాడు. రెండోసారి చదివాడు. పేపరు బల్ల మీద పెట్టి మొహం తుడుచుకున్నాడు. "అన్నిటికి అవునని కొట్టింది నేనే," అన్నాడు. "ఇంగ్లీషుల ఏమేమో అడిగింది. ఎవరినన్న పిలుస్తే నాకు రాదని తెలుస్తదని కొట్టేసిన." మళ్ళీ కాగితం చూసి, "మరి ప్లగ్ ఎవరు పీకిన్రు?" అన్నాడు.

తలుపు నా వెనకే ఉంది. ఎవరో తెలియదు అంటే అయిపోయేది. కాగితంలో నా పేరు ఎక్కడా లేదు.

"నేను. మిషన్ లేపింది కూడ నేనే. ఆయన దవాఖానాల ఉండె."

"యాదగిరికి తెలుసా?"

"తెలుసు."

రాజలింగం గోడ వైపు చూశాడు. "గీ ముచ్చట నేను చెప్తే ఎవడు నమ్మడు వదినె. నన్ను కాపాడుకోనీకి చెప్తున్న అంటరు. పూజనాడు అందరి ముంగట నువ్వే చెప్పాలె."

"చెప్త. నీ అవునుల సంగతి నువ్వు చెప్పు. ఆయన ఫోటోకు మొల ఇప్పుడే కొట్టు, నేను సూస్తా."

సుత్తి కోసం అతను గది అంతా వెతికాడు. దొరికాక కొట్టాడు.

ఇంకొకరి తప్పు వెతకడానికి వెళ్ళి నా తప్పు తెచ్చుకున్నాను. అందుకు బాధ లేదనను. రాత్రి పడుకుంటే ఆ మీటలు వేళ్ళ కింద తగులుతున్నాయి. ఆయన మీద కోపం కూడా వస్తోంది. ఒక్క మాట నాతో అని ఉంటే ఆ రోజే వెళ్ళి నేను తీశానని చెప్పేదాన్ని. చెబుతానని తెలిసే అనలేదేమో. ఇంట్లో ఇద్దరి ఉద్యోగాలూ పోకుండా ఒకటి మిగిలింది, దానితోనే బతికాం. ఆ పెట్టె ఏదీ దాచలేదు, అడిగినదానికి అడిగినట్టు చెప్పింది. ఇన్నేళ్ళూ దాన్ని అడగడం ఎవరికీ తోచలేదు.

మీ దగ్గరా ఇలాంటి పాత కంప్యూటర్ ఉండి, అందులో మీకు కావలసినది ఏదైనా ఉంటే, పనిచేస్తుందో లేదో చూద్దామని ఇంట్లో ప్లగ్ పెట్టకండి. పాత డిస్కు ఒక్కసారి లేచి మళ్ళీ లేవకపోవచ్చు. గుడ్డలో చుట్టి, కుదుపు తగలకుండా ఒళ్ళో పెట్టుకుని, ఈ పని తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, ముందు నకలు తియ్యమని చెప్పండి.