మూత నేనే తీసిచ్చిన మద్దిపట్ట సీసా

"ఆ సీసా ముట్టకు. ఇయ్యాల ఒక్కరోజు మానెయ్యి."

"నీకు అన్నీ అనుమానాలే. మూత తీసియ్యి, బస్సు పోతది."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. మూత బిగుసుకుపోయి ఉంది. కొంగుతో పట్టి తిప్పి నేనే తీసిచ్చాను. రెండు చెంచాలు తాగి, మూతి తుడుచుకుని పనికి పోయాడు.

అది అరవై తొమ్మిది, తెలంగాణ గొడవల ఏడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నాం. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న దగ్గర ఆయన కట్టెల డిపోలో పనిచేసేవాడు. దుంగ మీద చెయ్యి పెడితే చాలు, అది టేకో, మద్దో, వేపో చెప్పేసేవాడు. పట్ట చూసి చెట్టు చెప్పడంలో ఆయనంతటి వాడు డిపోలో లేడు. ఆ గర్వమే మా కొంప ముంచింది.

ఎండాకాలంలో ఆయనకు ఛాతీ పట్టేసింది. వీధి చివర డాక్టరు బీపీ అన్నాడు. రోజూ మింగమని గోలీలిచ్చాడు. అక్కడి కంపౌండరు గుంటూరు వైపు మనిషి. రోజూ జరిగే ఊరేగింపులు చూసి అతను సగం తలుపే తెరిచి కూర్చునేవాడు.

అప్పుడే డిపోకు ఒకడు సీసాలు తెచ్చాడు. మద్దిపట్ట సారమట, గుండెకు బలమట. సీసా మీద చీటీ లేదు. లోపల నల్లటి పాకం, మాడిన బెల్లం వాసన.

"మద్ది నాకు తెల్వదా? పొద్దంత దాని మీదనే కూసుంట" అన్నాడు ఆయన.

"చెట్టు తెలుసు. గీ సీసాల ఏం పోసిండో ఎట్ల తెలుసు?"

"మనోడే. మాట వింటే తెల్వదా? ఆంధ్రోళ్ల గోలీలే మింగాల్నా?"

నిజం చెప్పాలి, వారం దినాలు ఆయనకు హాయిగానే ఉంది. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందన్నాడు. రెండో సీసా వచ్చింది. దాని రంగు వేరు, వాసన వేరు. లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. ఎవరికీ కనపడకుండా సీసా కొంగులో చుట్టుకుని కంపౌండరు దగ్గరికి పోయాను.

అతను మూత తీసి వాసన చూశాడు. "మద్ది చెక్క చెడ్డదని నేననను అమ్మా. మా ఊళ్లోనూ కాచుకుని తాగుతారు. కానీ ఇందులో చెక్క ఎంతుందో, ఇంకేం కలిపాడో ఎవరికి తెలుసు? అది సరే, మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఎందుకేసుకోడు?" అన్నాను.

"రెండూ కలిస్తే ఏమవుతుందో డాక్టరు గారే చెప్పాలి. మాత్రలు మాత్రం ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. నా మాటగా ఆయనకు చెప్పండి."

ఇంటికొచ్చి డబ్బా తీస్తే సగానికి పైగా గోలీలు అట్లాగే ఉన్నాయి; సీసా వచ్చినప్పటి నుంచి మానేశాడన్నమాట. అప్పుడైనా కంపౌండరు మాట ఆయనకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆంధ్రా మనిషి కదా, తమ గోలీలు అమ్ముడుపోవాలని భయపెడుతున్నాడేమోనని నాకు అతని మీద కూడా అనుమానం. సీసా మీద అనుమానం, గోలీల మీద అనుమానం. రెండు రోజులు ఆ మాట లోపలే దాచుకుని తిరిగాను. మూడో పొద్దున ముట్టకు అన్నాను కానీ, ఎందుకో చెప్పలేదు.

మధ్యాహ్నం దుంగ కొలుస్తూ పడిపోయాడట. అప్పటికి బంద్ అని బస్సులు ఆపేశారు. దవాఖానకని కట్టెల బండి మీద వేసుకుని చంపాపేట్ దాకా వచ్చేసరికే ప్రాణం పోయింది. సీసా వల్లో, ఆపిన గోలీల వల్లో, దవాఖానలో ఎవరూ తేల్చలేదు. సీసాలవాడు మళ్లీ ఆ డిపో వైపు రాలేదు.

నేను చెబుతుంటే రాస్తున్న మా చెల్లెలి బిడ్డ ఇక్కడ కలం ఆపింది.

"పెద్దమ్మా, కంపౌండరు మాట నువ్వు చెప్పలేదన్నది కూడా రాయాల్నా? చదివినోళ్లు నిన్నే అంటరు."

"అననియ్యి. రాయి."

రాశానంటోంది. నాకొచ్చింది సంతకం వరకే. జాలిపడి ఆ ముక్క దాటేసిందేమోనని నా అనుమానం.

"ఏం రాసినవో జర చదువు బిడ్డా. గా కంపౌండరు కాడ మెల్లగ చదువు."