నా మెడ, రైఫిల్ స్టాక్, తిరిగొచ్చిన తిమ్మిరి

ఆ ఆదివారం నా చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఉందో లేదో నాకు తెలియలేదు. వంగి చూసుకున్నాను. ఉంది. అంతలోనే రైఫిల్ పేలింది. పెల్లెట్ వెళ్లి పక్క లేన్ టార్గెట్‌కు తగిలింది. ఆ లేన్‌లో ఉన్న మునిరత్నం నా వైపు చూసి, "నాది నేనే కాల్చుకుంటాలే అప్పా, నీకెందుకు శ్రమ" అన్నాడు.

నేను తిరుపతిలో డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్ లెక్చరర్‌ని. మునిరత్నానికి పుత్తూరులో బట్టల కొట్టు. వడమాలపేట దగ్గర ఒకప్పటి బెల్లం గోడౌనులో మేము కొందరం పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు చేస్తాం. చెప్పుకోదగ్గ పతకాలేవీ నాకు రాలేదు. కానీ గురి పెట్టిన ఆ కాసేపూ నా బుర్రలో ఎవరూ మాట్లాడరు. వారమంతా అరవై మంది ముందు అరిచేవాడికి అది చిన్న విషయం కాదు.

మొదట రైఫిల్ పట్టేటప్పుడు వేసుకునే గ్లవ్ బిగుతైందనుకున్నాను. తర్వాత గ్లవ్ లేని క్లాసులో కూడా సుద్దముక్కలు జారిపోవడం మొదలైంది. పిల్లలు కొన్నాళ్లు తీసిచ్చారు, ఆ తర్వాత మానేశారు. బొటనవేలు, చూపుడువేలు రెండూ తిమ్మిరి. ఒక డాక్టరు విటమిన్ లోపమన్నారు. ఇంకొకరు మణికట్టు అన్నారు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేసినవాళ్లు మణికట్టు కాదు, మెడ చూపించుకోమన్నారు. వేలి కోసం వెళ్లినవాణ్ణి మెడకు ఎమ్మారై తీయించుకుని న్యూరోసర్జన్ ముందు కూర్చున్నాను.

"సర్వైకల్ డిస్క్ ప్రొలాప్స్. సీ ఫైవ్, సీ సిక్స్ మెడ ఎముకల మధ్య డిస్క్ జారింది. చేతికి పోయే నర్వ్ రూట్ మీద ప్రెస్ అవుతోంది" అన్నారాయన.

"తిమ్మిరి చేతిలో గదా సార్?"

"ఇంట్లో లైటు ఎలగకపోతే ఫాల్టు స్తంభం కాడ ఉండొచ్చు గదా."

అర్థమైనట్టు తల ఊపాను. ఊపొద్దన్నారు.

మాత్రలు, ఫిజియోథెరపీ కొంతకాలం నడిచాయి. తగ్గినట్టే తగ్గి, ఒకరోజు భోజనాల దగ్గర మణికట్టు వాలిపోయింది. గరిటెలో రసం నా కంచంలోకి రాకుండా చొక్కా మీదికి వచ్చింది. "వీక్‌నెస్ వచ్చిందంటే ఇంక ఆగకూడదు" అన్నారు డాక్టరు. మెడ ముందు నుంచి వెళ్లి డిస్క్ తీసి, ఆ చోట కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టి, ప్లేటు, స్క్రూలు బిగిస్తారట. నేను గొంతు తడుముకున్నాను. నా భార్య సుగుణ నా చేయి దించి, సంతకం పెట్టమంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మెలకువ వచ్చాక బొటనవేలితో దుప్పటి గరుకు తెలిసింది. గొంతు మండుతోంది, మెడకు గట్టి కాలర్ ఉంది. మళ్లీ రైఫిల్ పట్టొచ్చా అని డాక్టరును అడిగాను.

"ఎక్స్‌రేలో కేజ్‌కు పైనా కిందా ఎముక అతికినట్టు కనబడనీ. అయితే ఒకటి. తల వంచి చెంప ఆనించే పని ఇంక వద్దు. తల నిటారుగా ఉండాల. తుపాకీనే మీ దగ్గిరికి రావాల."

రైఫిల్‌లో భుజానికి ఆనించి, చెంప పెట్టుకునే భాగాన్ని స్టాక్ అంటారు. నాది పాత చెక్క స్టాక్. అది ఎవరి దగ్గరికీ రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి. అందుకని అడ్జస్టబుల్ స్టాక్ కోసం వెతకడం మొదలుపెట్టాను. కాలర్‌తో ఎటూ తిరగలేని మనిషికి ఫోనును కళ్ల ఎదుట పెట్టుకుని చూడటం ఒక్కటే సాధ్యమైన వ్యాయామం. ఒకదానికి చెంపపట్టె పైకీ కిందికీ కదులుతుంది. ఇంకోదానికి చెంపపట్టె, భుజం పట్టె, పొడవు, వాలు అన్నీ కదులుతాయి. ఎంత చదివితే అంత అయోమయం. చెన్నై డీలర్‌కు ఫోన్ చేస్తే, "మొదట స్టాక్ మీ రైఫిల్‌కు కూర్చోవాల సార్. ఆ తర్వాతే మీకు సరిపోయేది. మీ మెడ పొడవెంత?" అన్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది.

చెకప్‌లో డాక్టరును అడిగాను. "మెడ లోపలి స్క్రూలు నా బాధ్యత. బయటివి మీవే" అన్నారు.

అన్నీ కదిలే అల్యూమినియం స్టాకే తెప్పించాను. నా అంచనా తప్పితే సరిదిద్దుకోవచ్చన్నది లెక్క. బరువు ఎత్తకూడదు కాబట్టి ఇంట్లోనే ఇస్త్రీ టేబుల్ మీద దిండ్లు పేర్చి, రైఫిల్‌ను వాటి మీద పడుకోబెట్టాం. నేను తల కదపకుండా నిలబడ్డాను. మునిరత్నం చెంపపట్టె నా చెంపకు తగిలేదాకా పైకి జరిపి బిగించాడు. చక్కగా కుదిరింది. ఆ ఎత్తు మరిచిపోకుండా సుగుణ అక్కడొక బొట్టుబిళ్ల అంటించింది.

కొన్ని వారాలకు కాలర్ తీసేశారు. ఎక్స్‌రే బాగుంది, కొద్దికొద్దిగా మొదలుపెట్టమన్నారు. గోడౌనుకు వెళ్లి, రైఫిల్ ఎత్తి, చెంప ఆనించి గురి పెట్టాను. బొటనవేలిలో చీమలు పాకాయి. తర్వాత చూపుడువేలిలో. దించితే పోయింది. ఎత్తితే వచ్చింది. పై వారమూ అంతే.

క్లాసులో సుద్దముక్క నిలుస్తోంది, రసం కంచంలోనే పడుతోంది. రైఫిల్ పట్టినప్పుడే జబ్బు తిరిగొస్తోంది. ఆసుపత్రి బెంచీ మీద పక్కనున్న పెద్దాయన, "ఒకటి బాగు చేస్తే దాని పైది పోతాదంట నాయనా, మా బావమరిదికి అట్లే అయ్యింది" అని ధైర్యం చెప్పాడు. నేను మనసులో రెండో ఆపరేషన్‌కు సెలవు చీటీ రాసుకున్నాను. రైఫిల్ అమ్మేయాలని కూడా అనుకున్నాను. అదే ఎక్కువ బాధ పెట్టింది.

మళ్లీ ఎమ్మారై. డాక్టరు చాలాసేపు చూశారు. "కేజ్ బాగుంది. పై డిస్క్ కొంచెం ఉబ్బి ఉండాది, ఈ వయసుకు మామూలే. తిమ్మిరి ఎందుకొస్తోందో నాకూ తెలీలా. ఏదీ, ఎట్ల గురి పెడతారో చేసి చూపండి."

పక్కనున్న సుగుణ చేతిలోని గొడుగు తీసుకుని గురి పెట్టాను. రెండు వారాల అలవాటుతో గడ్డం దానంతటదే పైకి లేచింది.

"టార్గెట్ ఎదురుగా ఉంటే మీరు ఫ్యాన్‌కేసి చూస్తారేమి?"

"చెంపపట్టె అంత ఎత్తులో ఉంది సార్."

"ఎవురు పెట్టినారు అంత ఎత్తులో?"

"మేమే. కొలిచి పెట్టాం."

సుగుణ గొడుగు వెనక్కి తీసుకుంది. "కొలిచిన పొద్దు ఈయన మెడకు పట్టీ ఉండె సార్. గడ్డం దాని మీదికెక్కి కూర్చోనుండె. అది ఈయన కొలత కాదు, పట్టీ కొలత."

"మెడ వెనక్కి వంచితే నర్వ్ వచ్చే దారి ఇరుకవుతాది" అన్నారు డాక్టరు. "మొదట్లో పరీక్షకని నేను వంచితే అబ్బా అంటిరి. అదే పని మీరు వారం వారం సరదాగా చేసుకుంటా ఉండారు."

ఆ ఆదివారం కాలర్ లేకుండా, అద్దం ముందు తల నిటారుగా పెట్టి మళ్లీ కొలిచాం. మునిరత్నం స్క్రూ వదులు చేస్తూ, "కోటు మీద టేపు పెట్టి చొక్కాకు కొలత తీసినామప్పా. అదీ బట్టల కొట్టోణ్ణి నేనుండి. బయట చెప్పబాక" అన్నాడు. ఇక్కడ రాస్తున్న సంగతి అతనికి ఇంకా తెలియదు.

ఇప్పుడు వారానికోసారి కాసేపు కాలుస్తున్నాను. తిమ్మిరి లేదు. మెడ కుడివైపు కొంచెం తక్కువ తిరుగుతుంది, ఎవరైనా పిలిస్తే మనిషినంతా తిప్పుతాను. చలికి బొటనవేలి కొన మొద్దుబారుతుంది. అది ఉండిపోవచ్చన్నారు, ఉండనిచ్చాను.

కాలర్ వేసుకున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. అది తీసేసిన రోజున, అది ఉండగా అమర్చుకున్నవన్నీ మళ్లీ అమర్చుకోండి. దిండు, కుర్చీ, బండి అద్దం, ఏదైనా సరే.

పాత బొట్టుబిళ్ల స్టాక్ మీద ఇంకా ఉంది. కొత్తది దానికి వేలెడు కింద ఉంది. ఆ వేలెడు సందులో నేను రెండో ఆపరేషన్ దాకా వెళ్లొచ్చాను.