పావడ కింద ఆరిన ట్రాక్ సూట్

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన ఏడాది, మా కాలేజీలో ఆటలు నేర్పే మేడం నన్ను రిలే పరుగు జట్టులోకి తీసుకుంది. చిత్తూరులో ఆడపిల్లలు పరుగెత్తడం అప్పట్లో ఒక వింత. దానికి తోడు ఆమె ఒకరోజు బీరువా తెరిచి మా నలుగురికీ తలా ఒక ట్రాక్ సూట్ ఇచ్చింది. ముదురు నీలం నైలాన్ గుడ్డ, కాళ్ళ పక్కన రెండేసి తెల్లచారలు. నాకు వచ్చినది అంతకుముందు ఇద్దరు అమ్మాయిలు తొడుక్కున్నది.

"చదువు అయిపోయేటప్పుడు ఇది నాకు తిరిగి ఇవ్వాలి. పాడు చేస్తే నీ తర్వాత వచ్చే పిల్లకు ఏమీ ఉండదు," అంది మేడం.

ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. "ప్యాంటా! మీ నాయన సూస్తే?"

నాయన బస్సు కండక్టరు. రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి చిత్తూరుకు. ఒకసారి అన్నం తింటూ, "ఈ పొద్దు చంద్రగిరి కాడ ప్యాంటేసుకున్న పిల్ల ఎక్కింది. బస్సంతా ఆ పిల్లనే సూసినారు," అన్నాడు. అంతే. మంచీ అనలేదు, చెడూ అనలేదు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదని అమ్మకు గుర్తుండిపోయింది. అందువల్ల ఆయన్ను అడగకుండానే ఆయన జవాబు మేమిద్దరం తేల్చేసుకున్నాం.

పొద్దున గ్రౌండులో పరుగు అయ్యాక సూటు విప్పి, లంగా ఓణీలోకి మారి, చెమటతో తడిసినదాన్ని చుట్టచుట్టి సంచిలో కుక్కేదాన్ని. క్లాసులన్నీ అయ్యేదాకా అది సంచిలోనే ఉండేది. నేను ఇంటికి వచ్చేది ఐదింటికి, నాయన వచ్చేది ఏడింటికి. ఆ రెండు గంటల్లోనే ఉతకాలి. వాసన పోవాలని అమ్మ మసిలే నీళ్ళలో చాకలి సోడా వేసి నానబెట్టేది. తొందరగా ఆరాలని ఇద్దరం చెరో కొస పట్టుకుని తాడు పేనినట్టు మెలితిప్పి పిండేవాళ్ళం. తర్వాత స్నానాల గది మూలలో తీగ మీద వేసి, దాని మీద అమ్మ తన పావడ కప్పేది. గాలి తగలని ఆ మూలలో అది తెల్లారేసరికి కూడా ఆరేది కాదు. సగం తడి ఉండగానే తొడుక్కుని మళ్ళీ పరుగెత్తేదాన్ని.

కార్తీకమాసం వచ్చి ముసురు పట్టింది. నెల తిరక్కముందే నడుము దగ్గర ఎలాస్టిక్ సాగిపోయింది. మోకాళ్ళ దగ్గర నీలం వెలిసింది. వీపు మీద ఆవాలు చల్లినట్టు నల్లటి బూజు చుక్కలు లేచాయి. ముక్కిన వాసన నాకు అలవాటైపోయింది గానీ, వరుసలో నా పక్కన నిలబడే అమ్మాయి ఒకరోజు మెల్లగా రెండడుగులు జరిగింది. మేడం అది చూసి నా దగ్గరికి వచ్చింది.

"దీన్ని ఉతుకుతున్నావా లేదా?"

"రోజూ ఉతుకుతున్నాను మేడం."

"ఉతికితే ఈ గబ్బు ఎందుకొస్తుంది? శనివారం తిరుపతిలో పోటీలు. గురువారం అందరి సూట్లూ చూస్తాను. నీది ఇట్లాగే ఉంటే నీ బదులు ఇంకొకరిని తీసుకుపోతాను."

అది సోమవారం. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే ఆమె సోడా ఇంకో గుప్పెడు ఎక్కువ వేసింది. మాకు తెలిసిన మందు అదొక్కటే.

మంగళవారం సాయంత్రం సూటు ఉతికి ఎప్పటిలాగే పావడ కింద దాచి, ఇద్దరం వంటింట్లోకి వచ్చామో లేదో వీధి తలుపు చప్పుడైంది. తిరుపతికి పోతుంటే పాకాల దగ్గర బస్సు చెడిపోయిందట. నాయన వెనక్కి వచ్చే ఇంకో బస్సు పట్టుకుని తొందరగా వచ్చేశాడు. కాళ్ళు కడుక్కోవడానికి నేరుగా స్నానాల గదిలోకి పోయాడు.

"ఏమ్మే! ఈడ ఎలకేమన్నా సచ్చిందా ఏంది?" అని అరిచాడు.

నాయన ఎలుక కోసం మూలమూలా వెతికినట్టున్నాడు. చివరికి పావడ ఎత్తాడు. నీళ్ళు కారుతున్న ట్రాక్ సూట్ పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఇది ఎవురిది?"

"నాదే నాయనా," అన్నాను. "కాలేజీలో ఇచ్చినారు. పరుగు పందేలకు."

ఆయన ప్యాంటును రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు. చారలు చూశాడు. వేలు పెట్టి ఎలాస్టిక్ లాగి చూశాడు. నేను ఆయన పాదాల వైపు చూస్తూ నిలబడ్డాను. ఇక చదువు కూడా మాన్పిస్తాడనే అనుకున్నాను.

"బంగారం అట్లాంటి గుడ్డను ఇట్ల సంపేసినారేమే! సోడా ఏసినారా?"

"ఏసినాను," అంది అమ్మ.

"మసిలే నీళ్ళా?"

అమ్మ తలూపింది.

"నైలానుకు మసిలే నీళ్ళు పోస్తారా ఎవురన్నా? పైగా పావడ కింద దాస్తిరి! ఎందుకు?"

"ప్యాంటు గదా. మీరు తిడతారని."

"నేనెప్పుడు తిట్టినా?"

అమ్మ చంద్రగిరిలో బస్సెక్కిన పిల్ల సంగతి గుర్తు చేసింది. ఆయనకు గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. "ఆ పిల్లా? ఎంత సులువుగా ఎక్కిందో అని సెప్పినా. సీర కుచ్చెళ్ళు పట్టుకోని మెట్టెక్కను ఆడోళ్ళు పడే అవస్థ దినామూ సూస్తాండా గదా."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నెల రోజులుగా గుండెల మీద ఉన్న బండను ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. అమ్మ అయితే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

నాయన లుంగీ కట్టుకుని నన్ను పెరట్లోకి పిలిచాడు. తన ఖాకీ చొక్కా ఉతకమని ఆయన ఎప్పుడూ ఎవరికీ ఇచ్చేవాడు కాదు, రోజూ తానే ఉతుక్కునేవాడు. అది ఆయన చాదస్తమని అనుకునేవాళ్ళం. ఆరోజు చొక్కా వీపు మీద ఉప్పు కట్టిన తెల్లటి గీతలు చూపించాడు.

"సెమట ఆరితే ఉప్పయితాది పాపా. అదే గుడ్డను కొరికేది. ఇప్పిన ఎంటనే సల్లనీళ్ళలో ముంచాల. సబ్బు సంగతి తరవాత."

సూటును తిరగేయమన్నాడు. మురికి ఒంట్లోంచి వచ్చేది కాబట్టి లోపలి పక్కే ఉతకాలన్నాడు. బక్కెట్లో కుంకుడు రసం కలిపి, గుడ్డను బండకు బాదకుండా నీళ్ళలోనే అదిమి అదిమి తీశాడు. బూజు చుక్కల మీద నిమ్మచెక్కతో మెల్లగా రుద్దాడు. నురగ పోయేదాకా జాడించి, పిండకుండా పొడి తువాలులో చుట్టి నొక్కాడు. సాగిన ఎలాస్టిక్ లాగేసి ఆ దారిలో నాడా ఎక్కించాడు. ముసురు తెరిపి ఇవ్వడంతో మిద్దె మీదికి తీసుకుపోయి, తెల్లారి ఎండ పడితే రంగు పోతుందని, పిట్టగోడ నీడలో గాలికి ఆరవేశాడు.

మర్నాడు పొద్దున పక్కింటి అవ్వ వాళ్ళ మిద్దె మీద నుంచి అడిగింది. "ఏమప్పా, ఆ ప్యాంటు ఎవురిది?"

"మా పాపది. శనివారం తిరపతికి పరిగెత్తను పోతాండాది," అన్నాడు నాయన, వీధికంతా వినిపించేటట్టు. కింద మెట్ల దగ్గర నిలబడి విన్నాను.

గురువారం మేడం సూటు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. చుక్కలు పూర్తిగా పోలేదు, లేత మచ్చలు మిగిలాయి. "ఊ, ఇప్పుడు బాగుంది. ఏం చేశావు?" అంది. చెప్పాను. శనివారం తిరుపతిలో మేము మూడో స్థానంలో వచ్చాం. రిలే కర్ర ఒకరి చేతి నుంచి ఒకరికి మారేటప్పుడు కొంచెం జారింది, లేకపోతే రెండో స్థానం వచ్చేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత మేడం ఆటల గది వెనక దండెం కట్టించింది. పరుగు అవగానే నలుగురమూ కొళాయి కింద సూట్లు తడిపి అక్కడే ఆరవేసేవాళ్ళం. నేను మూడేళ్ళూ అదే సూటు తొడుక్కున్నాను.

ఒక పొద్దున అమ్మ చెప్పకుండా గ్రౌండుకు వచ్చింది. చీర చెంగు నిండా కప్పుకుని మెట్ల మీద కూర్చుని, నేను రెండు చుట్లు పరుగెత్తేదాకా చూసింది. రొప్పుతూ ఆమె దగ్గరికి వెళ్ళాను.

"దినామూ ఇంత దూరం ఉరుకుతావా?" అంది ఆశ్చర్యంగా. "ఇంకోసారి ఉరుకు, సూస్తా."